ఆచంద్రతారార్కపు చీటీలు

మన రాజులు అగ్రహారాలు దానమిచ్చి రాగిరేకుల మీద శాసనం చెక్కించినప్పుడు అందులో తరచుగా కనిపించే మాట ఒకటుంది: ఆచంద్రతారార్కం. చంద్రుడూ తారలూ సూర్యుడూ ఉన్నంతకాలం ఈ దానం చెల్లుతుందని అర్థం. ఇచ్చిన వంశం అంతరించినా, ఏలిన రాజ్యం పోయినా చెల్లవలసిందే. దానం స్వభావమే అది. కౌలు స్వభావం వేరు. కౌలుకిచ్చేవాడు ఏ నాటినుంచి ఏ నాటివరకో కాగితం మీద వ్రాయించి మరీ ఇస్తాడు. వ్రాయించుకోనివాడి గతి ఏమవుతుందో మునసబు కోర్టుల మెట్లెక్కిన ఏ రైతునడిగినా చెబుతాడు.

ఈనాడు ప్రోగ్రాములు వ్రాసే మనవాళ్ళు కౌలుపత్రం వ్రాయవలసిన చోట దానశాసనం చెక్కుతున్నారు. క్లౌడ్ స్టోరేజీలో దాచిన దస్త్రాలను పరులకు చూపించడానికి కోడులో పుట్టించే టోకెన్ల సంగతి నేను చెబుతున్నది. వాటికి కాలపరిమితి ఉండాలి. అది వాటి అలంకారం కాదు, ప్రాణం. ఆ ప్రాణాన్నే తీసి పక్కన పెట్టి, పదేళ్ళ గడువు వేసి, 'పని జరిగిపోతోంది కదా మాస్టారూ' అంటున్నారు. ఈ మాట విని విని విసిగి వ్రాస్తున్నాను. కటువుగా ఉంటే ఉండనివ్వండి.

తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకంటారేమో. పదవీ విరమణ తరువాత నా దగ్గరున్న పాత పత్రికల స్కానులు దాచుకోవడానికి పైథాన్ నేర్చుకున్నాను. సంధి సూత్రాలు నలభై ఏళ్ళు చెప్పినవాడికి అదేమంత కష్టం కాలేదు. అన్నట్టు, క్లౌడ్ స్టోరేజీని 'మేఘభాండారం' అనవచ్చునని నాకూ తోచింది. కానీ ఆ మాట వాడితే చదివేవాడు వర్షం గురించి అనుకుంటాడు. వచ్చిన మాటను వచ్చినట్టే ఉంచుతున్నాను.

ముందుగా ఆ టోకెన్ ఎటువంటిదో చెప్పుకోవాలి. మైక్రోసాఫ్ట్ వారి అజ్యూర్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. అక్కడ ప్రతి స్టోరేజీ ఖాతాకూ రెండు తాళంచెవులుంటాయి. ఒక్కొక్కటి 512 బిట్ల రహస్యం. అది చేతిలో ఉన్నవాడు ఖాతాలోని సర్వస్వానికీ యజమానే. కనుక దాన్ని ఎవరికీ ఇవ్వకూడదు. బదులుగా, ఆ తాళంచెవితో సంతకం చేసిన చీటీ ఒకటి ఇస్తారు. దాని పేరు షేర్డ్ యాక్సెస్ సిగ్నేచర్, పొట్టిగా ఎస్.ఎ.ఎస్. ఏ దస్త్రం, చదవడానికా, వ్రాయడానికా, తుడిచివేయడానికా, ఎప్పటినుంచి, ఎప్పటివరకు, కావాలనుకుంటే ఏ ఐ.పి. చిరునామా నుంచి అన్నవన్నీ ఆ చీటీలో ఉంటాయి. చీటీ మొత్తం లంకె చివర ప్రశ్నార్థకం గుర్తు తరువాత తోకలా వ్రేలాడుతుంది. అందులో 'ఎస్.ఇ.' అన్న అక్షరాల పక్కనున్నది గడువు, 'ఎస్.పి.' పక్కనున్నవి అధికారాలు, 'సిగ్' పక్కనున్నది సంతకం.

ఆ సంతకం చేసే పద్ధతిని హెచ్‌మాక్ అంటారు. 1997లో ఆర్.ఎఫ్.సి. 2104 అన్న పత్రంగా వెలువడింది. దీని సొగసు శాసనాలు చదివినవాడికి ఇట్టే తెలుస్తుంది. తూర్పు చాళుక్యులు రాగిరేకులన్నింటినీ ఒక కడియానికి గుచ్చి, కడియం మీద 'శ్రీ త్రిభువనాంకుశ' అని ముద్ర వేసేవారు. అక్షరాలు రేకు మీద, ముద్ర కడియం మీద. ఆ కడియాన్ని కోసి లోపలి రేకు మార్చగలిగినవాడికి కూటశాసనం సిద్ధమైనట్టే. హెచ్‌మాక్‌లో ఆ వీలు లేదు. అక్కడ ముద్ర అక్షరాల్లోనుంచే పుడుతుంది. గడువు తేదీలో ఒక్క అంకె మార్చినా, 'చదువు' అన్న అధికారం పక్కన 'తుడుపు' అని చేర్చినా సంతకం పొసగదు. చీటీ చెల్లదు. దీన్ని కనిపెట్టినవారికి నమస్కారం.

అయితే ఇంత చక్కని ఏర్పాటులోనూ ఒక మెలిక ఉంది. ఖాతా తాళంచెవితో చేసిన చీటీ పుట్టిన సంగతి అజ్యూర్‌కు తెలియదు. చీటీ మన కంప్యూటరులోనే తయారవుతుంది. దాన్ని పట్టుకొని ఎవరైనా వచ్చినప్పుడు సర్వరు తన దగ్గరున్న తాళంచెవితో సంతకాన్ని మళ్ళీ కట్టి చూసుకుంటుంది. సరిపోలితే, వేళ దాటకపోతే, తలుపు తీస్తుంది. ఎన్ని చీటీలు వెళ్ళాయి, ఎవరి చేతికి వెళ్ళాయి అన్న చిట్టా ఎక్కడా ఉండదు. చిట్టాయే లేనప్పుడు పేరు కొట్టివేయడం ఎలా? ఆ చీటీ ఒక్కదాన్ని చంపాలంటే, సంతకానికి వాడిన తాళంచెవినే మార్చాలి. మార్చిన క్షణాన దానితో పుట్టిన చీటీలన్నీ, మంచివీ చెడ్డవీ, ఒక్క మూకుమ్మడిగా చస్తాయి. అంచేత ఇటువంటి చీటీకి సహజ మరణం ఒక్కటే. అది గడువు.

ఆ గడువును పదేళ్ళు చేసినవాడు ఏం చేసినట్టు? శాసనం చెక్కినట్టే. పైగా పూర్వులు శాసనం చివర దాన్ని చెరిపినవాడికి శాపాలైనా వ్రాయించేవారు. ఇక్కడ అదీ లేదు.

ఇదంతా చాదస్తమనుకునేవారు 2023 నాటి ఒక ఉదంతం వినాలి. చేసినవారు చిల్లర కొట్టువారు కాదు. అజ్యూర్‌ను కట్టిన మైక్రోసాఫ్ట్‌లోనే కృత్రిమ మేధ పరిశోధకుల బృందం. తాము తయారుచేసిన మోడళ్ళను లోకానికి ఉచితంగా ఇవ్వాలన్న సదుద్దేశంతో 2020 జులైలో గిట్‌హబ్‌లో ఒక లంకె పెట్టారు. ఆ లంకె తోకలో ఉన్నది ఎస్.ఎ.ఎస్. చీటీ. మోడళ్ళున్న గదికి మాత్రమే ఇవ్వవలసిన చీటీని ఖాతా మొత్తానికి ఇచ్చారు. చదివే అధికారం చాలు. తుడిచివేసే అధికారం, కొత్తది వ్రాసే అధికారం కూడా ఇచ్చారు. మొదట వేసిన గడువు 2021 అక్టోబరు 5. అక్కడితో ఆగినా బాగుండేది. గడువు తీరాక దాన్ని పొడిగించారు. ఎంతవరకు? 2051 అక్టోబరు 6 వరకు. ముప్ఫై ఏళ్ళు! అప్పటికి ఆ ఖాతా ఎవరిదో, ఆ పరిశోధకులెక్కడుంటారో!

విజ్ అనే భద్రతా సంస్థవారు ఇది గమనించి 2023 జూన్ 22న తెలియజేశారు. రెండు రోజులకు చీటీని చెల్లకుండా చేశారు. ఆ సెప్టెంబరు 18న వివరాలు బయటపెట్టారు. ఆ తలుపు వెనుక ఉన్నవి 38 టెరాబైట్లు. ఇద్దరు ఉద్యోగుల కంప్యూటర్ల బ్యాకప్పులు, వాటిలో సంకేతపదాలు, రహస్య తాళాలు, 30,000కు పైగా ఆంతరంగిక టీమ్స్ సందేశాలు. వినియోగదారుల సమాచారమేదీ బయటపడలేదని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మంచిదే. కానీ వ్రాసే అధికారం కూడా ఉన్నందువల్ల, ఎవడైనా ఆ మోడల్ దస్త్రాల్లో విషం కలిపి ఉంటే, నమ్మి దించుకున్న ప్రతి పరిశోధకుడి కంప్యూటరులోనూ అది నడిచి ఉండేది. ఆ దస్త్రాల అమరిక అటువంటిది.

ఇక్కడ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. మొదటి గడువు ఏడాదికి పైగా ఉంది. అది పూర్తయ్యే వేళకు ఆ చీటీ ఎందుకు పుట్టింది, ఏమేం తెరుస్తోంది అని ఒక్కసారి అడగవలసింది. గడువు చేసే ఉపకారం సరిగ్గా అదే. తలుపు మూస్తుంది, మూసి 'మళ్ళీ తెరవాలా?' అని అడుగుతుంది. ఆ ప్రశ్న అడగకుండా నోరు నొక్కడమే ముప్ఫై ఏళ్ళ పొడిగింపు.

'లంకె అంత పొడవుంటుంది, ఎవరికి తెలుస్తుంది లెండి' అన్నది మనవాళ్ళ రెండవ వాదం. తిరుపతిలో సర్వదర్శనం టోకెన్ తీసుకున్న ప్రతివాడికీ టోకెన్ సంగతి తెలుసు. దాని మీద తేదీ ఉంటుంది, వేళ ఉంటుంది. పదేళ్ళు చెల్లే దర్శనం టోకెన్ ఇవ్వమని ఏ భక్తుడూ అడగడు. పైగా అక్కడ ఆధార్ చూసి ఇస్తారు, మరొకరి టోకెన్‌తో మనం వెళ్ళలేము. ఎస్.ఎ.ఎస్. చీటీకి మాత్రం ముఖం లేదు. ఎవరి చేతిలో ఉంటే వారిదే. అది వాట్సాప్‌లో చేతులు మారుతుంది. బ్రౌజరు చరిత్రలో మిగులుతుంది. దారిలో ఉన్న సర్వర్ల చిట్టాల్లో పడుతుంది. పాత ఫోను అమ్మితే ఫోనుతో పాటు పోతుంది. ఊహించి కనుక్కోవడం అసాధ్యమే, ఒప్పుకుంటాను. దొరికినదాన్ని వాడుకోవడానికి ఊహ అక్కరలేదు కదా.

నా సొంత ముచ్చట ఒకటి చెప్పాలి. నా పింఛను కాగితాల పని చూసిన ఒక కార్యాలయం నుంచి ఒకసారి నా ఫోనుకు సందేశం వచ్చింది, 'మీ పత్రాలు సరిచూసుకోండి' అని. లంకె నొక్కితే నా ఆధార్ ప్రతి, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పుట, నా వేలిముద్రతో కూడిన ఒక దరఖాస్తు కనిపించాయి. సరిచూసుకున్నాను. పధ్నాలుగు నెలల తరువాత ఫోను సర్దుకుంటూ మళ్ళీ నొక్కితే అది అలాగే తెరుచుకుంది. అప్పుడు లంకె తోక చదివాను. గడువు 2035. అధికారాల దగ్గర ఆర్, డబ్ల్యూ, డి, ఎల్ అని నాలుగు అక్షరాలు: చదువు, వ్రాయి, తుడువు, జాబితా చూపు. చీటీ నా దస్త్రానికి కాదు, దస్త్రాలున్న సంచి మొత్తానికి. అంటే నాతోపాటు అందులో ఉన్న పింఛనుదారులందరి కాగితాల జాబితా తీసే అధికారం, వాటిని తుడిచివేసే అధికారం నా చేతిలో పెట్టారు. నేను ఆ జాబితా తీసి చూడలేదు. ఇతరుల ఇంటి తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన లోపలికి పోము.

ఉత్తరం వ్రాశాను. ఫోనులో జవాబిచ్చిన కుర్రవాడు మర్యాదస్తుడే. 'మాస్టారూ, మీరు చెప్పింది నిజమే. కానీ తాళంచెవి మారిస్తే ఇప్పటివరకూ పంపిన లంకెలన్నీ ఆగిపోతాయి. అందరూ ఆఫీసు మీద పడతారు' అన్నాడు.

వ్యాధి స్వరూపమంతా ఆ జవాబులో ఉంది. పొడుగు గడువు చీటీలు పోగుపడినకొద్దీ తాళంచెవి మార్చడం కష్టమవుతుంది. మార్చడం కష్టమైనకొద్దీ పాత చీటీలు బ్రతికే ఉంటాయి. గంటకో పూటకో చచ్చే చీటీలైతే అతడు ఆ రాత్రే తాళంచెవి మార్చి ఉండేవాడు. తెల్లవారేసరికి గగ్గోలు పెట్టేవాడు ఒక్కడూ ఉండడు. పొడుగు గడువు వేసినవాడు తన చేతులు తానే కట్టుకున్నాడు.

ఇక ఈ పదేళ్ళు, ముప్ఫై ఏళ్ళు ఎలా పుడతాయి? సోమరితనం వల్ల అనుకునేవాణ్ణి. మన పిల్లల కోడు చదివిన మీదట సగం సందర్భాల్లో కారణం వేరని తేలింది. అది గడియారం.

చీటీలో వేళలన్నీ యు.టి.సి.లో ఉంటాయి. మన వేళ దానికంటే ఐదున్నర గంటలు ముందు. పైథాన్‌లో 'డేట్‌టైమ్ డాట్ నౌ' అని ఊరక వ్రాస్తే కంప్యూటరు గోడగడియారపు వేళ వస్తుంది, ఏ దేశపు వేళో దాని మీద వ్రాసి ఉండదు. అలా పేరులేని వేళ ఇస్తే అజ్యూర్ లైబ్రరీ దాన్ని యు.టి.సి. అనే తీసుకుంటుంది. ఇప్పుడు హైదరాబాదులో ఒకడు తన ల్యాప్‌టాప్ మీద గంట గడువు వేశాడనుకోండి. వాడికి తెలియకుండానే అది ఆరున్నర గంటలవుతుంది. పని జరుగుతూనే ఉంటుంది గనుక వాడెన్నడూ కనుక్కోడు. అదే కోడును డాలస్‌లో ఉన్న వాడి అన్న నడిపితే? అక్కడి వేళ యు.టి.సి. కంటే వేసవిలో ఐదు గంటలు, శీతకాలంలో ఆరు గంటలు వెనుక. చీటీ పుట్టేసరికే గడువు తీరి నాలుగైదు గంటలయి ఉంటుంది. తెర మీద 403 అన్న పొరపాటు అంకె. ఎందుకో తెలియదు. గంటను రోజు చేసి చూస్తాడు, పని చేస్తుంది. 'ఓహో, గడువు చాలలేదు కాబోలు' అనుకొని, మళ్ళీ తలనొప్పి రాకుండా ఏడాది వేస్తాడు. కాస్త భయస్తుడైతే పదేళ్ళు వేస్తాడు. తమ్ముడు ప్రారంభ వేళ కూడా వ్రాసి ఉంటే వాడికీ 403 కనిపించేది, ఎందుకంటే ఆ చీటీ ఐదున్నర గంటల తరువాత గానీ మేలుకోదు.

రోగం ఒకటి, మందు ఒకటి. వేయవలసిన మందు చిన్నది: 'నౌ' పక్కన బ్రాకెట్లలో 'టైమ్‌జోన్ డాట్ యు.టి.సి.' అని చేర్చడం. గడియారాల మధ్య నిమిషాల తేడా ఉంటుంది గనుక ప్రారంభ వేళను పదిహేను నిమిషాలు వెనక్కు వేయడం గానీ, అసలు వ్రాయకపోవడం గానీ చేయమని మైక్రోసాఫ్ట్ పత్రాలే చెబుతున్నాయి. ఈ రెండూ చెప్పకుండా, 'డేస్ ఈక్వల్స్ 3650' అని చూపించి, 'ఇలా పెట్టేయండి ఫ్రెండ్స్, ఇక ప్రాబ్లమ్ ఉండదు' అని పాఠం చెప్పేవాళ్ళ మీద నాకు కోపం. అక్షరాభ్యాసం నాడే తప్పు దిద్దించిన గురువు పాపం శిష్యుడు జీవితాంతం మోస్తాడు.

కంపెనీలను కూడా వదలను. అమెజాన్ వారి ఎస్3లో ఇప్పుడు వాడే సంతకం పద్ధతి ప్రకారం చీటీకి గరిష్ఠ గడువు ఏడు రోజులు, అనగా 604800 సెకన్లు. గూగుల్ వారి నాలుగవ కూర్పు సంతకానికీ ఏడు రోజులే. అజ్యూర్‌లోనూ ఖాతా తాళంచెవితో కాక, ఉద్యోగి తన గుర్తింపుతో తెచ్చుకున్న తాత్కాలిక తాళంతో సంతకం చేసే పద్ధతి ఒకటుంది, యూజర్ డెలిగేషన్ అని. దానికీ ఏడు రోజులే హద్దు. ఖాతా తాళంచెవి చీటీకి మాత్రం స్వతహాగా హద్దు లేదు. 2051 వచ్చింది ఆ దారినే. ఖాతా తాళంచెవి సంతకాలను పూర్తిగా నిషేధించే మీట కూడా ఖాతా యజమాని చేతిలో ఉంది. దాన్ని నొక్కండి. నొక్కలేనంత పాత వ్యవస్థ మీ నెత్తిన ఉంటే, సంచికి ఒక అనుమతి నియమం పేరు పెట్టి, చీటీలో ఆ పేరు ఉదహరించండి. సంచికి ఐదు నియమాలవరకు పెట్టుకోవచ్చు. నియమం తుడిచేస్తే దాని చీటీలు మాత్రమే చస్తాయి, మిగిలినవాటికి ఏమీ కాదు.

ఎస్3లోనూ ఒక వింత ఉంది. కొద్ది గంటలు బ్రతికే తాత్కాలిక గుర్తింపుతో సంతకం చేస్తే, చీటీ మీద ఏడు రోజులని వ్రాసినా ఆ గుర్తింపుతో పాటే అదీ పోతుంది. న్యాయమే, అధికారం లేనివాడి సంతకానికి విలువేమిటి? కానీ మనవాడికి అది 'బగ్' లాగా కనబడుతుంది. ఏడు రోజులు బ్రతికించడం కోసమని శాశ్వత తాళాలు తెచ్చి కోడులో వ్రాసిపెడతాడు. చీటీ కోసం బీరువా తాళమే గుమ్మానికి వ్రేలాడదీసినట్టు.

నాతో వాదించేవారిలో ఒకరి మాట మాత్రం నేను తేలికగా తీసివేయను. 'మా నాన్నగారు పల్లెలో ఉంటారు. లంకె వచ్చిన మూడో రోజుకు గానీ చూడరు. చూసేసరికి గడువు తీరిందంటుంది. ఆయనేం చేయాలి?' అని. న్యాయమైన బాధ. నా ఈడువాళ్ళందరి బాధ. దానికి ఉపాయం గడువు పెంచడం కాదు. ఆయనకు పంపవలసింది చీటీ కాదు, చిరునామా. అది ఎన్నేళ్ళయినా మారనక్కరలేదు. ఆయన దాన్ని నొక్కినప్పుడు ఫోనుకు ఓ.టి.పి. వస్తుంది. ఆయనే అని తేలాక, సర్వరు అప్పటికప్పుడు ఆ ఒక్క దస్త్రానికి, చదవడానికి మాత్రమే, ఐదు నిమిషాల చీటీ పుట్టించి చేతిలో పెడుతుంది. మూడో రోజు చూసినా, మూడో ఏట చూసినా ఆయనకు పని అవుతుంది. చీటీ పాతబడే ప్రసక్తే లేదు.

పల్లెలో నెట్ నెమ్మది, పెద్ద దస్త్రం ఐదు నిమిషాల్లో దిగదంటారా? ఎస్3లో గడువు చూసేది అడిగిన క్షణానే. దిగడం మొదలయ్యాక మధ్యలో గడువు తీరినా ఆగదు. మధ్యలో తెగి మళ్ళీ అడిగితే మాత్రం కొత్త చీటీ కావాలి. చిరునామా ఉంది కదా, మళ్ళీ నొక్కుతారు.

మన బ్లాగ్మిత్రుల్లో పుస్తకాలు స్కాన్ చేసి పంచిపెట్టే పుణ్యాత్ములున్నారు. వారికొక విన్నపం. కాపీహక్కు తీరిన పుస్తకం అందరిదీ. దానికి చీటీ ఎందుకు? తలుపులు బార్లా తెరవండి. ఎస్.ఎ.ఎస్. తోక తగిలించి 2040 వరకు గడువు వేయడం వల్ల రెండు నష్టాలు. 2041లో చదువుకునే పిల్లవాడికి పుస్తకం ఉండదు, ఈలోగా ఆ చీటీలో పొరపాటున పడిన వ్రాత అధికారంతో ఎవడో మీ పుటలు మార్చగలడు. బహిరంగమైనది బహిరంగ సంచిలో, చదువు అధికారంతో మాత్రమే. ఆంతరంగికమైనది మరొక ఖాతాలో. ఒకే ఖాతాలో రెండూ కలిపినందువల్లే కదా మోడళ్ళతో పాటు ఉద్యోగుల బ్యాకప్పులు వీధిన పడ్డది.

కోడు వ్రాసే మిత్రులు తమ పాత సంచికలు ఒకసారి తెరిచి, 'ఎక్స్‌పైరీ' అన్న మాట వెదికి చూడండి. పక్కన 365 కనిపించినా, 3650 కనిపించినా, అది ఏ పనికి పుట్టిందో మీకు గుర్తుందా అని చూసుకోండి. గుర్తు లేకపోతే తాళంచెవి మార్చండి. ఎవరు కేకలు వేస్తారో వారి పేర్లు వ్రాసుకోండి, మీకింతకాలం లేని చిట్టా అదే. వారికి చిరునామా పంపించండి. తెలుగులో పాఠాలు చెప్పేవారు తమ ఉదాహరణల్లో ఆ ఒక్క పంక్తిని పది నిమిషాలకు దిద్దితే చాలు. దిద్దినవారు ఇక్కడ ఒక వ్యాఖ్య వ్రాస్తే, ఆ పాఠాన్ని నా పూర్వ విద్యార్థులందరికీ నేనే పంపుతాను.